కారులో కుక్క: సీటును కాపాడేది వేరు, కుక్కను కాపాడేది వేరు

విశాఖలో కుక్క ఉన్న ఇంటికి కొత్త కారు వస్తే మొదటి వారంలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: సీట్లు పాడవకుండా ఏం వేయించాలి? నేనూ అదే అడిగాను. కారు అలంకరణ సామాన్ల దుకాణంలో కుర్రాడు వెంటనే ఓ కవరు తీసి పరిచాడు. "ఇది వేయించండి సార్, సీటుకూ ఢోకా లేదు, కుక్కకూ ఢోకా లేదు" అన్నాడు. ఆ మాటలో మొదటి సగం నిజం. రెండో సగం నిజం కాదని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మా కుక్క పేరు బెల్లం. అనకాపల్లిలో దొరికింది, రంగు కూడా అదే, కాబట్టి వేరే పేరు వెతకలేదు. నాటు కుక్క, 18 కిలోలు. ఒక ఆదివారం రుషికొండ నుంచి తిరిగి వస్తుంటే సాగర్‌నగర్ దగ్గర ఆవు అడ్డం వచ్చింది. వేగం నలభై కూడా లేదు. బ్రేకు వేశాను. వెనక సీటుకూ ముందు సీటుకూ మధ్య ఉయ్యాలలా కట్టిన ఆ కవరు మీద బెల్లం జర్రున జారి ముందు సీటు వీపుకు మూతి కొట్టుకుంది. కవరును పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి పటుక్కున విరిగింది. పెదవి చిట్లింది, అంతకు మించి ఏమీ కాలేదు. సీటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనినైనా గుద్ది ఆగితే, కట్టని కుక్కకు తగిలే దెబ్బ దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి పడినంత. సెకనులో పదోవంతులో ఆగిందనుకుంటే, 18 కిలోల బెల్లం ఆ క్షణంలో సుమారు 250 కిలోల బరువై ముందుకు తోస్తుంది. ముందు సీటులో కూర్చున్న మనిషి వీపు మీద పడేది కూడా ఆ బరువే. దీనిని ఆపడం గుడ్డ కవరు పని కాదు. కవరు కొనేటప్పుడు కవరు గురించి ఆలోచించండి, కుక్కను పట్టి ఉంచేది వేరే కొనండి. రెండూ ఒకే వస్తువు చేస్తుందని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

కట్టి ఉంచడానికి: హార్నెస్, పెట్టె, జాలీ

ముందుగా చేయకూడనిది చెబుతాను. మెడ పట్టీకి బెల్టు తగిలించకండి. బ్రేకు వేసినప్పుడు ఆ బరువంతా మెడ మీద పడుతుంది. పట్టీ తెగకపోతే మెడే దెబ్బతింటుంది. కట్టేది ఎప్పుడూ ఛాతీని, భుజాలను చుట్టి ఉండే హార్నెస్‌కే.

హార్నెస్‌లన్నీ ఒకటి కావు. నడకకు వాడేది వేరు, కారుకు వాడేది వేరు. నడక హార్నెస్ సన్నటి నైలాన్ పట్టీలతో, ప్లాస్టిక్ బకిళ్లతో ఉంటుంది. లాగే కుక్కను ఆపడానికి అది చాలు. కారుకు ఛాతీ ఎముక మీద వెడల్పుగా పరుచుకునే మెత్త, లోహపు బకిళ్లు, సీటు బెల్టులాంటి మందపాటి నేత పట్టీ కావాలి. అట్ట పెట్టె మీద "క్రాష్ టెస్టెడ్" అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎవరు పరీక్షించారో కూడా రాసి ఉందా అని చూడండి. అమెరికాలోని సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ 2013లో కుక్క బొమ్మలకు హార్నెస్‌లు తొడిగి, గుద్దుకునే పరీక్షలు చేసింది. పేరున్న రకాలలో కూడా చాలావరకు బొమ్మను సీటు మీద నిలపలేకపోయాయి.

ఇక హార్నెస్‌ను కారుకు తగిలించడం. మన దగ్గర ఎక్కువగా దొరికేది, ఒక చివర సీటు బెల్టు నాలుక లాంటి లోహపు ముక్క ఉన్న పొట్టి పట్టీ. బకిల్‌లో టక్కున దిగుతుంది, అందుకే అందరికీ నచ్చుతుంది. దీనితో రెండు చిక్కులు. అన్ని కార్ల బకిళ్లలో ఇది గట్టిగా కూర్చోదు. కుక్క లేచి తిరిగేటప్పుడు పాదం ఎర్ర మీట మీద పడితే ఊడిపోతుంది. బెల్లం రెండుసార్లు ఊడదీసింది, రెండోసారి కావాలనే చేసిందని నా అనుమానం. అంతకంటే నయం, పసిపిల్లల సీట్ల కోసం వెనక సీటు మూలల్లో ఉండే ఐసోఫిక్స్ కమ్మీకి తగిలించే పట్టీ. ఇంకా మేలు, కారు సీటు బెల్టునే హార్నెస్ వీపు మీది లూపు గుండా దూర్చి పెట్టుకునే రకం. దానికి మధ్యలో అదనపు కొక్కేలు ఉండవు, ఊడే చోట్లు తగ్గుతాయి. సాగే రబ్బరు పట్టీలు చిన్న కుదుపులకు హాయిగానే ఉంటాయి. గట్టి బ్రేకు పడితే ఆ సాగినంత మేరా కుక్క ముందుకు పోతుంది, కాబట్టి నేను తీసేశాను. పొడవు విషయంలో కొలత తేలిక. కుక్క కూర్చోగలగాలి, పడుకోగలగాలి, సీటు అంచు దాటి కిందకు పడిపోకూడదు.

సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఇంకో మాట. చవక కొక్కేలకు వాడే మిశ్రమ లోహం ఇక్కడి గాలికి తెల్లగా పొడి రాలుతుంది, లోపలి స్ప్రింగు తుప్పు పట్టి నోరు సగం తెరుచుకుని ఉండిపోతుంది. నా మొదటి పట్టీ ఒక్క వానాకాలంలో అలా అయింది. స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కెం ఉన్నది అడిగి తీసుకోండి. నెలకోసారి నొక్కి చూడండి, తడుముకోకుండా మూసుకోవాలి.

పెట్టె, అంటే క్రేట్, కుక్కను బట్టీ కారును బట్టీ మంచిదో చెడ్డదో అవుతుంది. ఆరేడు కిలోల లోపు కుక్కకు, షిట్జూకో చిన్న పామెరేనియన్‌కో, గట్టి గోడల చిన్న పెట్టెను ముందు సీటు వెనక నేల మీద ఇరికించి పెట్టడం కంటే మంచి ఏర్పాటు లేదు. ముందుకు పోవడానికి చోటే ఉండదు. జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ కూడా చిన్న పెట్టెకు అదే చోటు చెబుతుంది. ఒడిలో పెట్టుకోవడం ముద్దుగా ఉంటుంది. బ్రేకు పడినప్పుడు ఒడిలో ఉన్న కుక్కను చేతులతో ఆపగలమనుకోవడం మాత్రం భ్రమ. ముందు సీటు ఒడి మరీ ప్రమాదం, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే వేగానికి చిన్న కుక్క బతకదు.

పెద్ద కుక్కకు పెట్టె అంటే వెనక డిక్కీలో చోటు కావాలి. ఇక్కడ మన కార్లే అడ్డం వస్తాయి. సెడాన్ డిక్కీ మూసిన పెట్టె, గాలి ఆడదు, దానిలో కుక్కను పెట్టే ఆలోచన ఎంత తక్కువ దూరానికైనా వద్దు. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక సీటు మడిస్తే చోటు వస్తుంది, సీఎన్‌జీ సిలిండర్ ఉంటే అదీ పోతుంది. ఎర్టిగా, ఇన్నోవా, బొలేరో లాంటి వాటిలో చివరి వరుస మడిస్తే మాత్రం లాబ్రడార్‌కు కూడా పెట్టె పడుతుంది. పెట్టెను పట్టీలతో కారుకు బిగించాలి, లేకపోతే పెట్టెతో సహా కుక్క ఎగురుతుంది. ఇంట్లో వాడే మడత తీగల బోను ఇందుకు పనికిరాదు. గుద్దుకున్నప్పుడు దాని తీగలు వంగి లోపలికే గుచ్చుకుంటాయి. ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు: వెనక నుంచి లారీ గుద్దితే ముందుగా నలిగేది డిక్కీ. గాజువాక వైపు హైవే మీద రోజూ తిరిగేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

జాలీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. డిక్కీకీ సీటుకూ మధ్య ఇనుప జాలీ వేయిస్తే మనుషులకు రక్షణ. కుక్కకు అది గోడ మాత్రమే. రెండు ముందు సీట్ల మధ్య కట్టే గుడ్డ వల డ్రైవరు మోచేతి కిందకు కుక్క తల దూర్చకుండా ఆపుతుంది. అది కూడా తక్కువేమీ కాదు, కానీ ప్రమాదంలో దానిని లెక్కలోకి తీసుకోకండి.

నా తీర్పు: వెనక సీటులో తిరిగే మధ్యరకం కుక్కకు మంచి హార్నెస్, చిన్న కుక్కకు నేల మీద పెట్టె. రెండు పెద్ద కుక్కలూ ఏడు సీట్ల కారూ ఉన్నవాళ్లు జాలీ వేయించి, లోపల బిగించిన పెట్టె గాని హార్నెస్ గాని వాడుకోవచ్చు.

పరిచేది: ఇసుక, ఉప్పు, చెమ్మ

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు సీట్లకు వేయించిన మెత్తటి గుడ్డ కవర్లు మూడేళ్లు నిలిచాయి. అవే ఇక్కడ నాకు ఏడాది తిరగకుండా ముక్క వాసన వేశాయి. తేడా కుక్కలో లేదు, ఊరిలో ఉంది.

బీచ్ రోడ్డులో ఉదయం నడకకు వెళ్లిన కుక్క ఒంటి మీద మూడు సరుకులు తెస్తుంది. ఇసుక కుట్ల మధ్య చేరి గరుకు కాగితంలా పని చేస్తుంది, కుక్క కదిలిన ప్రతిసారీ దారాన్ని అరగదీస్తుంది. వెంట్రుకలు గుడ్డ నేతలోకి సూదుల్లా దిగుతాయి. ఉప్పునీరు అన్నింటికంటే మొండిది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒకసారి ఉప్పునీళ్లు తాగిన స్పాంజిని మే ఎండలో ఎంత ఆరబెట్టినా, వాన పట్టగానే అది మళ్లీ చెమ్మగిల్లుతుంది. అందుకే తడిసిన కవరును ఎండలో వేయడం ఒక్కటే చాలదు, ముందు మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించాలి. కుక్కకూ అంతే. డిక్కీలో అయిదు లీటర్ల మంచినీళ్ల డబ్బా, పాత తువ్వాలు పెట్టుకోండి. ఇసుకలో నుంచి బయటకు రాగానే కాళ్లు, పొట్ట కడిగి తుడిస్తే కారులో సగం పని తగ్గిపోతుంది. ఈ జాబితాలో అన్నింటికంటే చవకైనది, అన్నింటికంటే ఎక్కువ పని చేసేది ఆ డబ్బానే.

కవర్లలో ఎంచుకోవడానికి నాలుగు దారులున్నాయి.

పాత దుప్పటి పరచడం అందరూ మొదలుపెట్టే చోటు. ఖర్చు లేదు, ఉతకడం తేలిక. జారుతుంది, తడి ఆపదు, హార్నెస్ బకిల్ దాని కింద దాక్కుంటుంది. నెలకోసారి కారెక్కే కుక్కకు ఇదే చాలు. కింద రబ్బరు పూత గుడ్డ ఒకటి వేసుకుంటే మంచిది.

రెక్సిన్ లేదా కృత్రిమ తోలు సీటు కవర్లు దుకాణాలవాళ్లు మొదట చూపించేవి. వెంట్రుక అంటదు, తుడిస్తే పోతుంది. గోళ్లు దిగితే మాత్రం చీలిక పడుతుంది, ఆ చీలికలో నుంచి నీరు స్పాంజిలోకి దిగి ఇక బయటకు రాదు. మే నెలలో ఎండన నిలిపిన కారులో రెక్సిన్ పెనంలా కాలుతుంది, కుక్క పొట్టకు బొచ్చు తక్కువ. పైగా నున్నటి దాని మీద కుక్కకు పట్టు దొరకదు, మలుపుల్లో అటూ ఇటూ జారుతూ భయపడుతుంది. వేయించేటట్లయితే అడ్డగీతల కుట్లు, గాడులు తక్కువ ఉన్న డిజైను ఎంచుకోండి. వజ్రాల ఆకారపు కుట్లు చూడటానికి బాగుంటాయి, కానీ ప్రతి గాడిలో ఇసుక చేరుతుంది, ఒంటి మీది నుంచి రాలిన పిడుదులు దాక్కునేదీ అక్కడే. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే, ఆ వైపు చినిగి విచ్చుకునేలా కుట్టిన కవరే వేయించాలి. మామూలు కవరును బిగించి కుట్టేస్తే బ్యాగు సమయానికి బయటకు రాకపోవచ్చు. ఇది అడిగితే విసుక్కునే దుకాణంలో కుట్టించకండి.

ఉయ్యాల కవరు, నాకు మొదట అంటగట్టినది, నిజానికి మంచి వస్తువే. మందపాటి పాలియెస్టర్, అడుగున నీరు దిగని పూత, ముందు వెనక సీట్ల తలగడలకు తగిలించే పట్టీలు. కాళ్లు పెట్టే గుంటను మూసేస్తుంది కాబట్టి కుక్క కింద పడదు. దానిలో చూడవలసినవి: బెల్టు బకిళ్లకు చీలికలు ఉన్నాయా, అడుగున జారని రబ్బరు చుక్కలు ఉన్నాయా, మధ్యలో గాలి వెళ్లడానికి వలకిటికీ ఉందా. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది. వెనక ఏసీ మూతులు లేని హ్యాచ్‌బ్యాక్‌లో కవరు ఓ గోడలా నిలబడి చల్లగాలిని ముందే ఆపేస్తుంది. మీరు ముందు చలికి వణుకుతుంటే వెనక కుక్క నాలుక వేలాడేసి రొప్పుతూ ఉంటుంది. ఇవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాషింగ్ మెషీన్‌లో పదే పదే వేస్తే పూత పొరలుగా ఊడుతుంది. గొట్టంతో కడిగి, పూత వైపు నీడ పట్టున ఆరేయండి.

నాలుగోది నేను చివరకు చేరుకున్న దారి. సీటు కొలతలు తీసి, మందపాటి నీరు దిగని కాన్వాసుతో సీటు కవర్లు కుట్టే మేస్త్రీ చేత కుట్టించాను. బకిళ్ల దగ్గర చీలికలు, ఐసోఫిక్స్ దగ్గర ఒక మూత, వెనక ముడి వేసుకునే పట్టీలు. అందంగా లేదు. సరుకుల లారీ మీద కప్పే పట్టాలా ఉందని మా ఆవిడ అంది, కాదనలేకపోయాను. మూడో ఏడు నడుస్తోంది, దారం మాత్రం ఒకచోట మళ్లీ వేయించాను. పత్తి దారం కాకుండా పాలియెస్టర్ దారం వాడమని ముందే చెప్పి ఉంటే అదీ పడేది కాదు.

వారానికి మూడు నాలుగుసార్లు కుక్కను తిప్పేవాళ్లకు ఉయ్యాల కవరు గాని కుట్టించిన కాన్వాసు గాని. కొత్త కారుకు రెక్సిన్ తప్పదనుకుంటే వేయించుకోండి, పైన ఈ రెండింటిలో ఒకటి పరవండి.

నేల

అయిదు పొరలు, ఏడు పొరలు అంటూ అమ్మే తోలు మ్యాట్లు కుక్క ఉన్న కారుకు వద్దు. వాటి లోపల స్పాంజి పొర ఉంటుంది, అంచుల నుంచి నీరు దిగితే అక్కడే ఉండిపోతుంది. సేమ్యా పోగుల్లా ఉండే ప్లాస్టిక్ మ్యాట్లు ఇసుకను చక్కగా దాచుకుంటాయి, దులిపిన ప్రతిసారీ ఇంకా రాలుతూనే ఉంటుంది. అంచులు పైకి లేచిన రబ్బరు పళ్లెం లాంటి మ్యాటు కొనండి. తీసి బోర్లించి కడిగితే అయిపోయింది. కారు తివాచీ కింద మందపాటి పీచు పొర ఉంటుంది. అది తడిస్తే ఎండబెట్టడానికి సీట్లు విప్పాలి. ముందు సీటు కింద పసుపు రంగు వైరు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్ తాలూకువి. ఉప్పునీళ్లు అక్కడికి చేరితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగి కూర్చుంటుంది.

మూత్రం పోస్తే ఎంజైమ్ ఉన్న క్లీనరు వాడండి, వాసన మూలం నుంచి పోతుంది. అమ్మోనియా ఉన్న ద్రావకాలు కుక్క ముక్కుకు మూత్రంలాగే తోస్తాయి, మళ్లీ అక్కడే పోస్తుంది. ముక్క వాసన పోతుందని సీటు కింద నాఫ్తలీన్ ఉండలు వేసేవాళ్లున్నారు. అవి కుక్కకు విషం.

ఎండ

ఇక్కడ పోల్చడానికి ఏమీ లేదు. ఆపిన కారులో కుక్కను వదలకండి. బయట 21 డిగ్రీలే ఉన్నా, అరగంటలో కారు లోపల 40 దగ్గరకు చేరుతుంది. అద్దం నాలుగు వేళ్లు దించినంత మాత్రాన పెద్ద తేడా రాదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీలు, 41 దాటితే ప్రాణం మీదకు వస్తుంది. మనకు లాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబరచుకోవాలి. మన ఊరి ఉక్కపోతలో రొప్పడం కూడా సరిగా పని చేయదు. పగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు మరీ కష్టం. జగదాంబ కూడలిలో "రెండు నిమిషాల పని" అని దిగితే పార్కింగు దొరకడానికే పది నిమిషాలు పడుతుంది.

వెనక అద్దాలకు వల తెర మంచిది. అద్దాల మీటకు లాక్ వేసి ఉంచండి, లేకపోతే పాదంతో నొక్కి తానే దించేస్తుంది. తల బయట పెట్టి గాలికి చెవులు ఎగరేయడం ఫొటోలో బాగుంటుంది, కంట్లో ఇసుక రేణువు పడితే పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

అరకు వెళ్లేవాళ్లకు

ఊళ్లో తిరగడానికి సరిపోయిన ఏర్పాటు ఘాట్ రోడ్డులో తేలిపోతుంది. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, శృంగవరపుకోట దాటాక మలుపులు మొదలవుతాయి. సీటు బెల్టు గట్టి కుదుపుకే బిగుస్తుంది, నెమ్మది మలుపుల్లో వదులుగానే ఉండి కుక్కను అటూ ఇటూ జార్చుతుంది. అక్కడ పొట్టిగా కట్టిన ఐసోఫిక్స్ పట్టీ, కింద జారని కాన్వాసు నెగ్గుతాయి. వాటితో పాటు సీటు మధ్య గుంటలో మడిచిన దుప్పటి కూరితే కుక్క ఒరిగి పడుకోవడానికి ఆనిక దొరుకుతుంది. చిన్న కుక్కకు నేల మీది పెట్టె ఇక్కడ కూడా మొదటి ఎంపికే, ఊగు తక్కువ.

బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపండి. మేము మొదటిసారి పెరుగన్నం పెట్టి బయలుదేరాం, అనంతగిరి చేరకముందే అది కాన్వాసు మీదకు వచ్చింది. నీళ్లు మాత్రం గంటకోసారి కొద్దికొద్దిగా ఇవ్వాలి. ప్రతిసారీ వాంతి చేసుకునే కుక్కకు మందులున్నాయి, మోతాదు బరువును బట్టి మారుతుంది కాబట్టి పశువైద్యుడినే అడగండి. మనుషుల వాంతుల మాత్ర సగం విరిచి ఇవ్వకండి. ఆపినప్పుడు ముందు మెడకు తాడు కట్టి, తర్వాతే హార్నెస్ పట్టీ విప్పాలి. తలుపు తీయగానే దూకిన కుక్కకు ఒక పక్క లోయ, ఇంకో పక్క లారీ.

డబ్బు ఒకేసారి పెట్టలేనివాళ్లు ఈ వరుసలో కొనండి: ముందు హార్నెస్, తర్వాత రబ్బరు మ్యాటు, ఆ తర్వాత కవరు. అంతవరకు పాత దుప్పటి, నీళ్ల డబ్బా. కొనే ముందు కుక్క ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలవండి, కళ్లతో అంచనా వేసి తెచ్చిన హార్నెస్ నేను ఒకటి వెనక్కి పంపాను. తొడిగాక పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు.

తెచ్చిన రోజే భీమిలి ప్రయాణం పెట్టుకోకండి. అపార్టుమెంటు కింద నిలిపిన కారులో, ఇంజను ఆపి, తలుపులు తెరిచి, హార్నెస్ తొడిగి పది నిమిషాలు కూర్చోబెట్టండి. పక్కన మీరూ కూర్చోండి. మర్నాడు ఇంజను వేయండి. మూడో రోజు వీధి చివరి వరకు. బెల్లం మొదటి రోజు పట్టీని కొరికింది, రెండో రోజు నా మీద అలిగి అద్దం వైపు తిరిగి కూర్చుంది. మూడో రోజు నేను తాళాలు తీసేసరికే తలుపు దగ్గర నిలబడి ఉంది.